పది నలభైకి గాజు మీద తేమ

ఏప్రిల్ 6, సోమవారం

ఈస్టర్ అయిపోయింది, చంద్రుడు ఇంకా వదలలేదు. ఈస్టర్ ఎప్పుడూ పున్నమిని వెంటబెట్టుకునే వస్తుంది కనుక ఏటా నాకు ఇదే గోల: చుక్కల ఫొటోలు తీయాల్సిన సెలవులన్నీ వెన్నెల పాలు. అమావాస్య పదిహేడున. ఇంకా పదకొండు రోజులు.

మదర్ ఇమ్మాకులాదా దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. లా సెరేనా పట్నంలో మా పాత కాన్వెంటు గ్రంథాలయంలో ఉద్యోగం, ఉండడానికి గది. ముప్పయ్యో తేదీలోగా జవాబు రాయాలి. ఇక్కడ బడిలో నా పుస్తకాల గదిని మే నెలాఖరుకి మూసేస్తున్నారని ఆవిడకి ఎవరు చెప్పారో. "నీ గది కిటికీ ముందే పెద్ద వీధి దీపం ఉంది, తెల్లవార్లూ వెలుగుతుంది, నీకు భయం వేయదు" అని రాశారు. ఆవిడ మనసు బంగారం. ఆ వాక్యం మూడుసార్లు చదివి మంచం మీద బోర్లా పడుకున్నాను.

ఏప్రిల్ 8

ఇవాళ మేకపాల చీజు కొనడానికి ఒకాయన వచ్చాడు. పేరు గస్పార్ లర్రాగీబెల్. రాజధాని శాంతియాగో మనిషి. ఎదురు కొండమీద ఎనిమిది టెలిస్కోపులున్న షెడ్డు వాళ్ళ ఖగోళ సంఘానిదే, ఎనిమిదిమంది ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో వాటిని నడుపుతారు. పాత కాపలాదారు మార్చిలో మానేశాడు. ఈసారి ఫొటోల పని తెలిసిన మనిషి కావాలట. సంగతి చూసి రమ్మని ఇతణ్ణి పంపారు.

పిన్ని చీజు తూస్తూ ఊరుకోవచ్చు కదా. "మా ఒతీలియాకీ అదే పిచ్చి, అబ్బాయీ. మీరు గొట్టాల్లోంచి చూస్తారు, ఇది శవపేటికలోంచి చూస్తుంది" అంది.

తలుపు వెనక నేను సిగ్గుతో చచ్చిపోయాను. నిజానికి అది శవపేటిక కాదు. శవపేటికలు చేసే దోన్ సెర్వాందో మిగిలిన చెక్కతో నాకు చేసిపెట్టిన బల్ల: రెండు పలకలు, మధ్యన ఒక తలుపు బందు, పొడుగాటి మర, దాన్ని మెల్లగా తిప్పే చిన్న మోటారు. భూమి తిరిగినంత వేగంతో పై పలక తెరుచుకుంటుంది. దానిమీద నా పాత కెమెరా.

అతడు చూపించమన్నాడు. నేను చూపించాను. మోకాళ్ళమీద కూర్చుని బందు దగ్గర చెవి పెట్టి విన్నాడు. నవ్వలేదు. ధ్రువ నక్షత్రం లేని ఆకాశం కదా మనది, దీన్ని దేనికి గురిపెడతారు అని అడిగాడు. దక్షిణాన నాలుగు మసక చుక్కలుంటాయి, కంటితో వెతికి పెట్టుకుంటాను అన్నాను. అతడి టెలిస్కోపుకి ఆ పని కంప్యూటరు చేస్తుందట. కంటితోనా, అని మళ్ళీ అడిగాడు.

నేను కొత్తవాళ్ళతో ఇంత మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

ఏప్రిల్ 9

నిన్న ఫొటోలో చూపించిన అతడి టెలిస్కోపు చాలా బాగుంది. టెలిస్కోపు గురించే రాస్తున్నాను.

ఏప్రిల్ 11

నిన్న సాయంత్రం కొండమీదికి వెళ్ళాను. చంద్రుడు రావడానికి ఇంకా చాలాసేపుంది.

ముందు అతడిది రాస్తాను. నా చేయంత పొడుగు తెల్లటి గొట్టం, ముందర మూడు గాజులు అతికించిన లెన్సు. దాన్ని మోసే ఇనప తల ఒక్కటే దూడంత బరువు. వెనక ఉన్న కెమెరా తనను తాను గడ్డకట్టేంతగా చల్లబరుచుకుంటుంది. అది చూసేది తెలుపూ నలుపూ మాత్రమే, అందుకని ఒక చక్రంలో రంగు రంగుల గాజు బిళ్ళలు. ముందు ఒక రంగు, తర్వాత ఇంకో రంగు, చివర్న అన్నీ కలిపితే బొమ్మ. ఒక్కో ఫొటోకి ఐదు నిమిషాలు కన్నార్పదు. కరీనా నీహారికను ఒక్కసారి తీసి చూపించాడు. అందులో నల్లటి ధూళి స్తంభాలు, వాటి అంచున వెలుతురు. ఏడుపొచ్చింది, దగ్గినట్టు సర్దేశాను.

నాది: ఎవరో పర్యాటకుడు అమ్ముకుపోయిన కెమెరా, ఫొటోలకు వాడే మామూలు లెన్సు. ఒక నిమిషం దాటితే నక్షత్రాలు బియ్యపు గింజలవుతాయి. కెమెరా వేడెక్కి ఎర్ర ఇసక చల్లుతుంది. పావుగంటకోసారి చేత్తో సర్దాలి. అయినా అదే నీహారిక నా తెర మీద కూడా గోరంత గులాబీగా ఉంది. గోరంత అయినా అదే.

ఇనప తల మీద చేయి వేయబోయాను. "దయచేసి ఏదీ ముట్టుకోకండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

సంఘం పత్రికకి వ్యాసం రాయాలట. ఒకే కొండ, ఒకే రాత్రి, ఒకే నీహారిక, నాలుగు గంటలు. ఒకవైపు ఉన్నదాంట్లో చేసుకునే సరంజామా, ఇంకోవైపు అతడిది. ఎంత తేడా వస్తుందో చూపించాలి. ఆ బీదవైపు నేను. అతడు 'బీద' అనలేదు, ఆ మాట నాది. కాపలా ఉద్యోగం ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు సంఘం ఆ బొమ్మ చూస్తుంది, మీ పేరు నేనే చెబుతాను, అన్నాడు.

కొండ దిగేటప్పుడు పరిగెత్తాను. చీకట్లో, రాళ్ళ దారిలో. పడలేదు.

ఏప్రిల్ 13

ఓన్సెకి, అదే మా సాయంత్రం ఫలహారానికి, పిన్ని పిలిస్తే వచ్చాడు. టీ, రొట్టె, క్విన్సు పండ్ల మురబ్బా. మురబ్బా నేనే మాడ్చాను, కలుపుతూ నిలబడి ఏదో ఆలోచిస్తున్నాను. అతడు మాడిన ముక్క కూడా తిన్నాడు. వెళ్ళేటప్పుడు "పదిహేడున నీ కెమెరాకి ఇంకో బ్యాటరీ తెచ్చుకో" అన్నాడు.

నీ. మీ కాదు.

దీని గురించి ఇంకేమీ రాయను.

ఏప్రిల్ 14

'నీ కెమెరా' అన్నాడు.

ఏప్రిల్ 16

పిన్ని సాయంత్రం గుమ్మంలో నిలబడి లోయ కిందికి చూసి, రేపు కమంచాకా ఎక్కుతుంది అని చెప్పింది. సముద్రం మీంచి వచ్చే ఆ పొగమంచు కింద పరుచుకుంటే ఓవాయే పట్నం దీపాలన్నీ దాని కింద మునిగిపోతాయి. పైన చుక్కలు ఉతికి ఆరేసినట్టుంటాయి. ఏడాదికి అలాంటి అమావాస్యలు రెండో మూడో. కానీ అది కాస్త పైకి పాకిందా, గాజు మీద తేమ పట్టేస్తుంది.

నా లెన్సుకి ఎప్పటి ఏర్పాటే: పాత ఉన్ని మేజోడు కత్తిరించి తొడగడం, దాని మడతలో చేతులు వెచ్చబెట్టుకునే పొట్లం ఒకటి. మూడు పొట్లాలున్నాయి.

అతడికి కమంచాకా సంగతి చెప్పాలనుకున్నాను. అతడి లెన్సు చుట్టూ కరెంటు హీటరు పట్టీ ఉంది కదా. అన్నీ ఉన్నాయి కదా అతడికి.

ఏప్రిల్ 18, పొద్దున

రెండు వందల పది ఫొటోలు! ముప్పై పారేసినా నూట ఎనభై! నాకు ఆశ్చర్యార్థకాలు వాడే అలవాటు లేదు, మదర్ ఒప్పుకునేవారు కాదు. ఇవాళ వాడతాను.

కమంచాకా ఎనిమిదింటికల్లా కింద పరుచుకుంది. లోయంతా తెల్లటి దుప్పటి, ఒక్క దీపం లేదు. పాలపుంత వెలుగుకి నా చేతి నీడ కనిపించింది, నిజంగా. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. పదింటికి కరీనా నడినెత్తి గీత దాటగానే అతడి టెలిస్కోపు తనంతట తానే లేచి, మెడ తిప్పి, అటువైపు నుంచి మళ్ళీ అదే చోటికి గురిపెట్టింది. కొంగ పక్కమీద దొర్లినట్టుంది. అతడు చూసి, ఇక దాని పని అది చేసుకుంటుంది అని లోపలికి సూపు తాగడానికి వెళ్ళాడు. కుర్చీలోనే నిద్రపోయాడు.

నేను బయటే ఉన్నాను. పావుగంటకోసారి సర్దుకుంటూ, మేజోడులో పొట్లం మారుస్తూ. నా గాజు చివరిదాకా పొడిగా ఉంది.

అతడి సంగతి నాకు తెలియదు. చీకటిగా ఉంది.

ఏప్రిల్ 18, సాయంత్రం

నేను గెలిచాను.

బడి కంప్యూటరులో నూట ఎనభై ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఇసక అణిగిపోయింది. గులాబీ, దాని చుట్టూ మందారం రంగు, మధ్యన పసుపు. నిజంగా నీహారిక. అతడి మొదటి రెండు గంటలవీ అద్భుతంగా ఉన్నాయి కానీ అవన్నీ ఒకే రంగు బిళ్ళతో తీసినవి. మిగతా రంగులన్నీ తర్వాతి రెండు గంటల్లో. అవి దాదాపు అన్నీ పాలు పోసినట్టున్నాయి. గాజు మీద తేమ. అతడి దగ్గర రంగులేని బొమ్మ, నా దగ్గర రంగుల బొమ్మ.

అతడు నా తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఒతీలియా, ఇది చెక్కపలకల మీద తీసిందా?" అన్నాడు. నేను తల ఊపాను. మేకల దొడ్లో పిన్నికి చెప్పి, పిన్నిని ఎత్తి పట్టుకుని గిరగిరా తిప్పాను. "దించవే, పాల తపేలా ఒలికిపోతుంది" అంది.

మదర్‌కి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. 'తమ దయకు ఎంతో కృతజ్ఞురాలిని, కానీ' దాకా వచ్చింది.

ఏప్రిల్ 19

హీటరు తీగ ప్లగ్గు ఊడి ఉంది. ఎప్పుడు తేమ పట్టిందో చూశావా, బయటే ఉన్నావు కదా అని అడిగాడు. చీకటిగా ఉంది అన్నాను.

చీకటిగానే ఉంది. అమావాస్య.

పైగా ఏదీ ముట్టుకోవద్దన్నాడు.

ఏప్రిల్ 19, మళ్ళీ

ముట్టుకోవద్దని అతడే అన్నాడు. దయచేసి అని కూడా అన్నాడు. వినయం నేర్పిన బడిలో చదివాను, చెప్పినమాట విన్నాను.

ఏప్రిల్ 20

వ్యాసం రాసి నాకిచ్చాడు. కాన్వెంటులో చదివావు కదా, కామాలు చూసిపెట్టు, రాత్రికల్లా పంపాలి అన్నాడు. ఎర్ర పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. మొదటి పేజీలో పదకొండు కామాలు తప్పు. నా గురించి రాసినచోట కామాలు దిద్దకుండా రెండుసార్లు చదివాను. 'ఓర్పూ కన్నూ ఉన్న మనిషి దగ్గర రెండు చెక్కపలకలు చాలు' అని రాశాడు. కాపలా పని ఈమెకివ్వాలని కూడా రాశాడు.

రెండో పేజీలో ఈ వాక్యం: 'హీటరు తీగను ప్లగ్గులో పెట్టడం నేనే మరిచిపోయాను, పన్నెండేళ్ళ అనుభవం ఉండి ఇంత అజాగ్రత్త నాకే సిగ్గుగా ఉంది.'

ఆ వాక్యంలో కామా సరిగ్గానే ఉంది. పెన్సిలు పెట్టడానికి ఏమీ లేదు. చాలాసేపు చూశాను.

ఇప్పుడు సరిగ్గా రాస్తాను. పదిహేడు రాత్రి పదింటికి టెలిస్కోపు మెడ తిప్పినప్పుడు హీటరు తీగ ఇనప తలకు చిక్కుకుని, లాగినట్టయి ప్లగ్గు ఊడింది. చిన్న చప్పుడు విన్నాను. పది నలభైకి నా ఎర్ర దీపం వెలుతురు అతడి లెన్సు మీద పడింది. అంచున వలయంలా తేమ, మధ్యలోకి పాకుతోంది. వేలాడుతున్న ప్లగ్గు నా మోచేతికి రెండడుగుల దూరంలో ఉంది. నా జేబులో వాడని పొట్లం ఒకటుంది. లోపల అతడు నిద్రపోతున్నాడు, తలుపు తెరిచే ఉంది. ఒక్క పిలుపు చాలు. నేను వెనక్కి తిరిగి నా పలకలు సర్దుకున్నాను. చాలా సంతోషంగా ఉన్నాను అప్పుడు. అదే అన్నిటికన్నా ఘోరం.

మధ్యాహ్నం కొండ ఎక్కాను. అతడు గాజు తుడుస్తున్నాడు. కాగితాలు చేతికిచ్చి, మొదటి పేజీలో పదకొండు తప్పులు, రెండో పేజీలో ఒకటి అన్నాను.

"రెండో పేజీలో ఏమిటి?"

"మీరు మరిచిపోలేదు. తిరిగేటప్పుడు ఊడింది. పది నలభైకి నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

అతడు తుడవడం ఆపాడు. "లేపొచ్చు కదా."

"లేపొచ్చు."

"మరి?"

"గెలవాలనుకున్నాను. లా సెరేనా వెళ్ళడం నాకిష్టం లేదు."

గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. తర్వాత మొహం ఎర్రబడింది. ఇలాంటి మనిషికి ఎనిమిది టెలిస్కోపులు అప్పగించమని రాశాను చూడు, అన్నాడు. ఔను, ఆ పేజీ చింపేయండి, సంఘానికి నేనే చెబుతాను అన్నాను. ఫోనులో మాట్లాడ్డమంటే నాకు వణుకు. అయినా అక్కడే, అతడి ఎదుటే, శాంతియాగోలో సంఘం కార్యదర్శి దోన్యా ఉర్సులాకి ఫోను చేసి మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను. ఆవిడ, సరే విన్నాను అని పెట్టేసింది.

నేను దిగిపోతుంటే వెనక నుంచి అతడు "చంద్రుడు తొమ్మిదికి దిగిపోతాడు. పలకలు పట్రా. మళ్ళీ తీద్దాం" అన్నాడు. కోపంగానే అన్నాడు. కానీ అన్నాడు.

ఏప్రిల్ 21, తెల్లవారుజామున

రెండు గాజులూ పొడిగా ఉన్నాయి. రెండిటినీ నేనే చూసుకున్నాను. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పావుగంటకోసారి నోటుబుక్కులో గాలి, చలి, తేమ, తీగలు అన్నీ రాసిపెట్టాను. టెలిస్కోపు మెడ తిప్పేటప్పుడు తీగను నా చేత్తో ఎత్తి పట్టుకున్నాను. అతడు సూపు బయటికే తెచ్చుకున్నాడు. నాకూ ఒక గిన్నె ఇచ్చాడు. రాత్రంతా తీగల సంగతే మాట్లాడాడు. ఒకసారి మాత్రం, ఉప్పు తక్కువైంది అన్నాడు.

ఏప్రిల్ 22

ఓడిపోయాను! ఎంత చిత్తుగా ఓడిపోయానంటే, దేవుడా!

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాడు. నాది బల్లమీద ఒలికిన ద్రాక్షసారా. అతడిదాంట్లో స్తంభాలు, ధూళి వాగులు, సొరంగాలు, తాళపు రంధ్రంలాంటి నల్లటి మడత, దాని పక్కన పేలడానికి సిద్ధంగా ఉన్న ముసలి నక్షత్రం, దాని చుట్టూ బంగారు పొట్టు. నాదాంట్లో ఆ చోట మూడు చుక్కలంత మసక. ఆ మూడు చుక్కల్లో ఇదంతా ఉంది! నేను మూడేళ్ళుగా దీన్నే ఫొటో తీస్తున్నాను! కుర్చీలో నిలవలేక గది చుట్టూ రెండుసార్లు తిరిగాను. అతడు కోపం మరిచిపోయి నవ్వాడు.

నీ బొమ్మలో ఉన్న విశాలత నా దాంట్లో లేదు కదా, నీహారిక ఎక్కడ ఉంటుందో నీది చూపిస్తుంది, నాది దాని కడుపు చూపిస్తుంది, అన్నాడు. ఓదార్పుకేమో. కానీ అదే వ్యాసంలో కూడా రాశాడు. రెండు రాత్రులూ రాశాడు, నేను చూసి ఊరుకోవడంతో సహా. కామాలు దిద్ది పంపించాను.

ఉద్యోగం లేదు కనుక మదర్‌కి 'వస్తాను' అని వేరే ఉత్తరం మొదలుపెట్టాను. 'గది ముందు దీపం ఉన్నందుకు' దగ్గర ఆగిపోయింది.

ఏప్రిల్ 24

అతడు శాంతియాగో వెళ్ళిపోయాడు. పిన్ని రెండు చీజులు కట్టి ఇచ్చింది. నేను ఏమీ ఇవ్వలేదు. చేయి ఊపాను.

ఏప్రిల్ 28

దోన్యా ఉర్సులా ఫోను. అటునుంచి గొంతు నాపరాయిలా ఉంది.

"వ్యాసం చదివాం. నీ నోటుబుక్కు పేజీలు గస్పార్ పంపాడు. పావుగంటకోసారి రాయమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"ఎనిమిదేళ్ళున్న పాత కాపలాదారు ఎప్పుడు అడిగినా అంతా బాగుంది అనేవాడు. అన్నీ పాడైపోయాక మేం వెళ్ళి చూసుకునేవాళ్ళం. నువ్వు మూడు రోజులు అబద్ధమాడావు, నాలుగో రోజు నీ అంతట నువ్వే నీ నోటితో చెప్పావు. సంఘంలో సగంమంది వద్దన్నారు. మిగతా సగం నేను. ఆరు అమావాస్యలు నీ పని చూస్తాం. రోజూ పొద్దున ఎనిమిదిమందికీ ఉత్తరం రాయాలి, ఏం పాడైందో. బాగున్నది రాయక్కర్లేదు. ఒప్పుకుంటావా?"

ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను. ఒప్పుకుంటాను అన్నాను. పిన్నికి చెబితే, అయితే నువ్వు వెళ్ళిపోతే అమ్మేద్దామనుకున్న ఆ పెద్ద పొయ్యి ఇక అమ్మక్కర్లేదు, చలికాలం సూపు దానిమీదే కాచుకోవచ్చు అని లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

మదర్‌కి ఉత్తరం రాయలేదు, ఫోను చేశాను. పది రోజుల్లో రెండోసారి! ఆవిడ అంతా విని, అబద్ధమాడిన సంగతి ఫాదర్‌కి కూడా చెప్పావా అని అడిగారు. ఆదివారం చెబుతానన్నాను.

మే 14

నిన్న కాపలా పనిలో నాలుగో రాత్రి. సాయంత్రం ఒక్కదాన్నే ఎనిమిది టెలిస్కోపుల దుప్పట్లు తీసి, షెడ్డు పైకప్పు పక్కకి తోసి, తీగలన్నీ ఒకటొకటే లాగి చూసి, నోటుబుక్కు నిండా రాశాను. గర్వంతో రాత్రంతా ఈల వేశాను. కాన్వెంటులో ఈల వేయనిచ్చేవారు కాదు.

పొద్దున చూస్తే ఐదో నంబరుకి ముందు మూత తీయలేదు. కన్సెప్సియోన్ పట్నంలో ఉండే ముసలి దంతవైద్యుడిది. రోజంతా పళ్ళు పీకి, రాత్రి ఒక్క గెలాక్సీ కోసం కాచుక్కూచునే మనిషి. ఆయన టెలిస్కోపు నాలుగు గంటలపాటు మూత లోపలి వైపుని ఫొటో తీసింది.

టీ కూడా తాగకుండా కూర్చుని రాశాను: 'అయ్యా, నిన్న మీ టెలిస్కోపు మూత తీయడం మరిచిపోయాను. మీ రాత్రి పోయింది. తప్పు నాదే. ఒతీలియా.' పంపేశాను. పంపాక నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

పది నిమిషాలకు జవాబు: 'అమ్మాయీ, మూత పెట్టి తీసినవి కూడా మాకు కావాలి. కెమెరా సొంత మచ్చలు వాటితోనే తీసేస్తాం. మామూలుగా ఓ పది చాలు, నువ్వు నాలుగు గంటలు తీశావు. చీకటి ఎలా వచ్చింది?'

చాలా బాగా వచ్చిందండి, ఒక్క చుక్క కూడా లేదు, అని రాశాను.